ఎనభై ఆరు కొట్టిన కార్డు

మొదలైంది నవంబరు రెండో ఆదివారం ఉదయం ఏడూ ఇరవైకి, మా గోల్ఫ్ నేలలో నాలుగో హోల్ దగ్గర. టైము నేను చెప్పేది కాదు, స్టేషన్ మాస్టరు గారు చెప్పింది. ఆయన రిటైరై చాలా ఏళ్లయింది. అయినా పలాస పాసింజరు కూత వినబడితే ఆట మధ్యలో కూడా చెయ్యి ఎత్తి వాచీ చూసుకుంటారు. ఆ రోజూ చూసుకుని, "ఏడూ ఇరవై. లేటే" అన్నారు. సరిగ్గా అప్పుడే మా ఆయన బంతిని కొట్టారు.

బంతికీ హోల్లో గుచ్చిన జెండాకీ మధ్య ముప్పై గజాలుంటుంది. ఎదురుగా ఏ అడ్డూ లేదు. ఎన్నో ఏళ్లుగా ఆయన అక్కణ్నించి వెడ్జ్ అనే పొట్టి కర్ర తీసి, బంతిని తలెత్తు లేపి, జెండా పక్కన దింపుతున్నారు. ఆ రోజు వెడ్జ్ బంతికి రెండంగుళాలు వెనకే నేలలో దిగబడింది. ఎర్ర గులకరాళ్లు ఎగిరాయి. బంతి జానెడు దొర్లి ఆగిపోయింది. మళ్లీ కొట్టారు, మళ్లీ అంతే. మూడోసారి బంతి నడినెత్తిన దెబ్బ తిని, జెండా దాటి, అవతల తాటిచెట్ల కిందికి పోయింది.

"కోతలప్పుడు దుక్కేటి గురూ? మా పొలానికి రా, నాగలి కూడా ఇస్తాను" అన్నారు మిల్లాయన. ఆయనకి ధాన్యం మిల్లుంది, నోరు కూడా మిల్లులాగే ఆగదు.

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. నేను స్కోరు కార్డు మీద ఎనిమిది దెబ్బలు వేశాను. ఆ హోల్‌కి నాలుగు చాలు.

ఇంటికొచ్చాక కాఫీ గ్లాసు అందుకుంటుంటే చూశాను. కుడిచేతి బొటనవేలు గ్లాసు అంచు మీద చిన్నగా కొట్టుకుంటోంది, ఎవరో లోపల్నించి తలుపు తడుతున్నట్టు. ఆయన గ్లాసుని ఎడమచేతికి మార్చుకున్నారు. నేను చూశానని ఆయనకి తెలుసు.

మాది గరివిడి. ఫ్యాక్టరీ ఊరు. ఆయన ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరయ్యారు. నేను బళ్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఆయన నాకు మేనత్త కొడుకు. పెళ్లికి ముందు బావ అనేదాన్ని, తరవాత కూడా ఆ పిలుపు మారలేదు. ఊరికి అవతల పంట పండని గ్రావెల్ నేలలో కొంతమంది ఉద్యోగులు కలిసి ఎప్పుడో తొమ్మిది హోల్స్ గోల్ఫ్ ఆట తయారుచేసుకున్నారు. దాన్నే రెండుసార్లు తిరిగితే పద్దెనిమిది. టీవీలో చూపించే పచ్చటి తివాచీ ఊహించుకోకండి. వానాకాలం రెండు నెలలు గడ్డి ఉంటుంది, దాన్నీ మేకలు ఉండనివ్వవు. మిగతా ఏడాది ఎర్రటి గట్టి నేల. హోల్ చుట్టూ ఉండే గుండ్రటి జాగాని వేరే ఊళ్లలో గ్రీన్ అంటారు. మాకు గడ్డి లేదు కాబట్టి ఇసకలో లారీల పాత ఇంజనాయిలు కలిపి చదును చేస్తారు. దాన్ని బ్రౌన్ అంటాం. ఆడటం అయ్యాక చివరివాడు గోనెపట్టా తాడు పట్టుకుని లాగుతూ, కాలిగుర్తులన్నీ చెరిపి రావాలి. మా ఆయన చివరివాడు కాకపోయినా తనే లాగేవారు. ఫర్నేసు దగ్గర నేల ఊడ్చి గానీ డ్యూటీ దిగని మనిషి.

నేను ఆడను. హ్యాండిక్యాప్‌లు రాస్తాను. ఈ మాట ఆట తెలియనివాళ్లకి అవిటితనంలా వినిపిస్తుంది. అదేమీ కాదు. బాగా ఆడేవాడికి మా తొమ్మిది హోల్స్ రెండుసార్లు తిరగడానికి డెబ్బై రెండు దెబ్బలు చాలు. తొంభై కొట్టేవాడికి పద్దెనిమిది దెబ్బలు మినహాయింపు ఇస్తే ఇద్దరూ సమానంగా పోటీ పడొచ్చు. ఆ పద్దెనిమిదే అతని హ్యాండిక్యాప్. ఒక్క రోజు ఆటని బట్టి ఇవ్వం. చివరి ఇరవై కార్డులు తీసుకుని, వాటిలో మంచివి ఎనిమిది ఏరి, సగటు కడతాం. కొత్త కార్డు ఒకటి లోపలికి వస్తే అన్నిటికన్నా పాతది బయటికి పోతుంది. మగవాళ్లు ఎవరి లెక్క వాళ్లు వేసుకున్నన్నాళ్లూ ప్రతి ఆదివారం తగువే. లెక్కల టీచర్ని కదా అని నాకు అప్పజెప్పారు. షెడ్డు గోడ మీద నల్లబోర్డుంది. నెలకోసారి సుద్దముక్కతో నంబర్లు నేనే మారుస్తాను.

ఆ నవంబరులో మా ఆయన నంబరు పందొమ్మిది.

క్లబ్బులో ఒక రూలుంది. ఆదివారం ఉదయం ఆట నంబరు ఇరవై నాలుగు వరకూ ఉన్నవాళ్లకే. అది దాటితే మధ్యాహ్నం మూడు తరవాత రావాలి, కొత్తగా నేర్చుకునేవాళ్లతో కలిసి. ఎక్కువ దెబ్బలు కొట్టేవాళ్లు ముందుంటే వెనకవాళ్లు ఎండెక్కేదాకా నిలబడాలి, అందుకని. ఆ రూలు పెట్టించింది మా ఆయనే. అప్పుడు ఆయన కమిటీలో ఉన్నారు, నంబరు పద్నాలుగు. కొత్తగా చేరినవాళ్లు బతిమాలినా వినలేదు. "ఆట నేర్సుకుని రండి, ఉదయం ఎక్కడికీ పోదు" అన్నారు.

ఆదివారం ఉదయం అంటే ఆయనకి నలుగురు. ఆయన, మిల్లాయన, స్టేషన్ మాస్టరు గారు, కరెంటాఫీసులో చేసి రిటైరైన ఒకాయన. కరెంటాఫీసాయన ఏమీ మాట్లాడరు. ఆ నలుగురూ ఒకరి ఇంటికొకరు పెద్దగా వెళ్లరు. పెళ్లిళ్లకి వెళితే భోజనం చేసి వచ్చేస్తారు. వాళ్ల స్నేహమంతా ఆ నేల మీదే, ఆరింటినుంచి తొమ్మిదిన్నర వరకూ. వారంలో మిగతా రోజులు మా ఆయన ఆదివారం కోసం ఉండే మనిషి.

డిసెంబరులో విజయనగరంలో డాక్టరు గారికి చూపించాం. ఆయన చెయ్యి పట్టుకుని చూశారు, నడిపించి చూశారు, కాగితం మీద చుట్టలు చుట్టలుగా గీత గీయించారు. జబ్బు పేరు చెప్పారు. మాత్రలు రాశారు.

"తగ్గుతాదా?" అని మా ఆయన అడిగారు.

"తగ్గదండి. నెమ్మదిగా పెరుగుతుంది. మాత్రలు దాన్ని ఇంకొంచెం నెమ్మది చేస్తాయి."

"గోల్ఫ్ ఆడొచ్చా?"

"ఆడండి. నడక మంచిది."

వచ్చేటప్పుడు బస్సులో ఆయన కిటికీ వైపు తిరిగి, "నడక మంచిదంట" అన్నారు.

నాకు దిగులు పడటం చేతకాదు. లెక్క వేయడం వచ్చు. ఆయన పాత కార్డులూ కొత్త కార్డులూ పక్కపక్కన పెట్టి, ఏ హోల్లో ఏ దెబ్బ ఎక్కడ ఎక్కువైందో అడిగి రాసుకున్నాను. ఆయనకి ప్రతి దెబ్బా గుర్తుంటుంది. తేలింది ఇది. మొదటి దెబ్బ దూరం కొంచెం తగ్గింది, కానీ తిన్నగానే పోతోంది. బ్రౌన్ మీద దొర్లించే దెబ్బలు కూడా ఒకటి రెండుకి మించి పెరగలేదు. పెరిగిందంతా నలభై గజాల లోపలే. అక్కడ పెద్ద ఊపు అక్కర్లేదు, చిన్న ఊపు కావాలి. చిన్న ఊపులో వణుకు పెద్దదైపోతుంది. చెయ్యి ఒక్క క్షణం ముందు కిందికి దిగుతుంది, వెడ్జ్ నేలలో గుచ్చుకుంటుంది.

అంటే రోగం మొత్తం ఆటకి కాదు, ఒక్క కర్రకి. నేను అలా అనుకున్నాను. ఆయనకీ చెప్పాను. ఆయన కార్డుల మీద వేలు పెట్టి చూస్తూ, "అయితే ఆ కర్ర మార్సేద్దాం" అన్నారు. నెల తరవాత ఆయన ముఖంలో నేను చూసిన మొదటి వెలుగు అది.

ఆయన పాత వెడ్జ్ అడుగు సన్నం, అంచు కత్తిపీటలా ఉంటుంది. గట్టినేల మీద పల్చగా బంతి కిందికి దూరడానికి బాగుంటుంది, కాని రవ్వంత వెనక పడితే గుచ్చుకుపోతుంది. జనవరిలో విశాఖపట్నం వెళ్లి, ఆటసామాన్ల షాపులో మూడు వెడ్జ్‌లు చూశాం. షాపాయన ఒకటి తీసి తిరగేసి అడుగు చూపించాడు. వెడల్పుగా, పడవ అడుగులా ఉబ్బి ఉంది. ముఖం వాలు యాభై ఆరు డిగ్రీలు. అడుగు ఉబ్బుకి పద్నాలుగు అని దాని మీదే చెక్కి ఉంది. దాన్ని బౌన్స్ అంటారు. ఆ నంబరు ఎంత ఎక్కువైతే అంచు నేల నుంచి అంత ఎత్తులో ఉంటుంది.

"ఇది తవ్వదండి. వెనక పడినా నేల మీద జారి బంతిని లేపుతుంది. పెద్దవాళ్లందరికీ ఇదే ఇస్తున్నాను" అన్నాడు.

అక్కడ పచ్చటి నకిలీ గడ్డి చాప మీద కొట్టి చూశారు. బాగానే లేచింది. చాప మీద ఏదైనా బాగానే ఉంటుంది అని నేనే అన్నాను. కొని తెచ్చుకున్నాం గాని, సొంత జాగాలో పరీక్షించకుండా ఒప్పుకోకూడదనుకున్నాం. కాని ఆ పరీక్ష చేసింది వేరే జాగాలో.

మా పుట్టిల్లు కోటబొమ్మాళి దగ్గర. తమ్ముడు వరి వేస్తాడు. వాడి మనవరాలి చెవులు కుట్టిస్తుంటే వెళ్లాం. ఆయన కొత్త వెడ్జ్‌ని పాత తువ్వాలులో చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చారు. మర్నాడు తమ్ముడు చూసి, "ఏటి బావా, కర్ర పట్టుకుని పేరంటానికొచ్చావు? ఎవుల్ని కొడతావేటి?" అన్నాడు. ఇసక ఉన్న చోట కొట్టి చూసుకోవాలని ఆయన అన్నారు. మా బ్రౌన్‌లు ఇసకే కదా. "ఇసకేనా? నడు, సముద్రం పక్క నీకు కావలసినంత ఉన్నాది" అని తమ్ముడు కారెక్కించి భావనపాడు తీసుకుపోయాడు.

సాయంకాలం నాలుగైంది. పడవలు ఒడ్డుకి లాగేసి ఉన్నాయి. ఆడవాళ్లు ఎండుచేపలు తిరగేస్తున్నారు. ఆయన తడి ఆరిన మెత్తటి ఇసకలో నిలబడి బంతి పెట్టి కొట్టారు. నేను ముప్పై గజాల అవతల తువ్వాలు పరిచి నిలబడ్డాను. మొదటి బంతి తువ్వాలు దాకా రాలేదు. రెండోది వచ్చింది. మూడోది తువ్వాలు మీదే పడింది. ఆయన చెయ్యి వణుకుతోంది, నాకు అంత దూరం నుంచి కూడా కనబడుతోంది. అయినా ఆ వెడల్పాటి అడుగు ఇసకలో కొంచెం దిగి, పడవలా జారి, బంతిని మెత్తగా పైకి లేపుతోంది. వెనక పడినా లేపుతోంది. ఇసక ఎగిరి ఆయన చొక్కా మీదా కళ్లజోడు మీదా పడుతోంది. ఆయన తుడుచుకోవడం లేదు.

చేపలు తిరగేస్తున్న ఒకామె కాసేపు చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచింది.

"ఏటి తాతా, అలా తవ్వుతన్నావు? తాబేలు గుడ్లకేటి?"

"బంతి కొడతన్నానే అప్పా, ఆట."

"ఆటా? మరి ఆవిడెందుకు అక్కడ కాపలా?"

"అది లెక్క రాస్తాది."

"ఓలమ్మ! నీ ఆటకి లెక్క కూడానేటి? మా ఆయన తాగినన్ని గ్లాసులకి నాను రాయనేదు" అంది. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. తమ్ముడైతే పడవ అంచు పట్టుకుని నవ్వాడు. మా ఆయన కూడా నవ్వుతూనే ఇంకో బంతి కొట్టారు. అది తువ్వాలు మధ్యలో పడింది. నేను చెయ్యి ఎత్తి చూపించాను. ఆయన రెండు చేతులూ ఎత్తారు, వెడ్జ్‌తో సహా.

ఇరవై కొడితే పదిహేను తువ్వాలు చుట్టుపక్కలే పడ్డాయి. వణుకు రాకముందు కూడా అంత పడేవి కావు. తిరిగొస్తుంటే కారులో తమ్ముడు, "బావా, ఇంక నిన్ను ఆపేవోడు లేడు. మీ మిల్లాయనికి సెప్పు, నాగలి ఆడే ఉంచుకోమని" అన్నాడు. నేను కారులోనే మనసులో లెక్క వేసుకున్నాను. నలభై గజాల లోపల ఒక్కో తిరుగుడుకి రెండేసి దెబ్బలు తగ్గినా నంబరు ఇరవై రెండు దగ్గర నిలబడుతుంది. ఆదివారం నిలబడుతుంది.

ఇద్దరం పొరబడ్డది ఇక్కడ. బ్రౌన్ అంటే ఇసకే, నిజమే. కాని వెడ్జ్ వాడేది బ్రౌన్ మీద కాదు. దానికి బయట, గ్రావెల్ మీద. బ్రౌన్ మీదికి బంతి వెళ్లాక ఇక దొర్లించడమే. ఆయనకి ఆ నేల అరచెయ్యిలా తెలుసు. నాకు ప్రతి హోల్ కొలతా నోటికొచ్చు. అయినా ఇసక అనే మాట వినగానే ఇద్దరం సముద్రం ఒడ్డుకి పోయాం. బంతి లేవాల్సిన చోటు చూడకుండా, దిగే చోటు చూసుకున్నాం.

ఫిబ్రవరి మొదటి ఆదివారం కొత్త వెడ్జ్‌తో ఆడారు. మళ్లీ ఆ నాలుగో హోలే. ముప్పై గజాలు. ఆయన కొట్టగానే పెద్ద శబ్దం వచ్చింది, సిమెంటు గచ్చు మీద చెంబు పడ్డట్టు. వెడల్పాటి అడుగు గట్టినేలకి తగిలి పైకి ఎగిరింది. అంచు బంతి కిందికి దూరలేదు, బంతి కడుపు మీద తగిలింది. బంతి మోకాలెత్తున దూసుకుపోయింది. ఎదర నిలబడ్డ స్టేషన్ మాస్టరు గారు గొడుగు తెరిచినంత వేగంగా కూర్చుండిపోయారు. వెంటనే లేచి, "ఇది ఎక్స్‌ప్రెస్ అండీ, ఈ స్టేషన్లో ఆగదు" అన్నారు.

ఈసారి మా ఆయన నవ్వలేదు.

మెత్తటి ఇసకలో ఏ ఉబ్బు కాపాడిందో, గట్టినేల మీద ఆ ఉబ్బే ముంచింది. సన్నటిదైతే గుచ్చుకుంటుంది, వెడల్పుదైతే ఎగురుతుంది. మధ్య రకం ఒకటి ఉంటుంది, అడుగు ఎనిమిదో తొమ్మిదో ఉండేది. కరెంటాఫీసాయన మాట్లాడకుండానే తనది తీసి ఇచ్చారు. మూడు వారాలు దాంతో ఆడారు. ఒకసారి గుచ్చుకునేది, ఒకసారి ఎగిరేది. వెడ్జే మానేసి, ఎనిమిదో నంబరు ఐరన్ అనే వాలు తక్కువ కర్రతో నేల మీదే దొర్లించమన్నాను. మా నేలకి అది తెలివైన ఆటే. కొన్నాళ్లు అలా కూడా ఆడారు. దొర్లిన బంతి ఒకటి బ్రౌన్ అంచుకి ముందే ఆగేది, ఇంకొకటి అవతలికి దిగిపోయేది. మార్చిలో కార్డులన్నీ పరిచి చూశాను. నాలుగు రకాల కర్రలకీ నలభై గజాల లోపల పోయిన దెబ్బల సగటు దాదాపు ఒక్కటే. ఆ ఒక్క అంకెలోనూ ఉన్నది కర్ర కాదు. చెయ్యి.

ఆ సంగతి ఆయనకి నేను చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది. ఒక సాయంత్రం పళ్లెంలో అన్నం కలుపుకుంటూ, "కర్ర మంచిదేనే" అన్నారు.

నెల నెలా బోర్డు మీద నంబరు మార్చాను. పందొమ్మిది చెరిపి ఇరవై ఒకటి. ఇరవై ఒకటి చెరిపి ఇరవై మూడు. ఏప్రిల్లో ఇరవై నాలుగు. సుద్ద పొడి ఎప్పటిలాగే వేళ్లకి అంటేది.

ఏప్రిల్ ఆఖరికి వచ్చేసరికి ఆయన ఇరవై కార్డుల్లో పాతది నవంబరు మొదటి ఆదివారానిది. చెయ్యి వణకడం మొదలైన దానికి వారం ముందుది. ఆ రోజు ఎనభై ఆరు కొట్టారు. డెబ్బై రెండుకి పైన పద్నాలుగు. చాలా ఏళ్లలో అంత మంచి కార్డు లేదు. మిల్లాయన ఆ రోజు అందరికీ తాటిచెట్ల కింద టీ పోయించారు. మిగతా పందొమ్మిదీ వణుకు వచ్చాక కొట్టినవి, ప్రయాణాలకీ ఆస్పత్రికీ కొన్ని ఆదివారాలు పోయాయి. వాటిలో మంచి ఏడూ, ఈ ఎనభై ఆరూ కలిపితే ఎనిమిది. ఆ ఎనిమిదిటిలో డెబ్బై రెండుకి పైనున్న దెబ్బల మొత్తం నూట తొంభై మూడు. ఎనిమిదితో భాగిస్తే ఇరవై నాలుగూ కొంచెం. అరకి రాలేదు కాబట్టి ఇరవై నాలుగే.

ఇంకొక్క కార్డు వస్తే ఎనభై ఆరు బయటికి పోతుంది. దాని చోటులోకి డెబ్బై రెండుకి పైన ఇరవై ఎనిమిది కొట్టినది దిగుతుంది. మొత్తం రెండు వందల ఏడు. నంబరు ఇరవై ఆరు. అలా కాకుండా ఉండాలంటే వచ్చే ఆదివారం ఆయన ఎనభై ఎనిమిది తేవాలి. ఆ వేసవిలో తెచ్చిన వాటిలో బాగున్నది తొంభై తొమ్మిది.

శనివారం సాయంత్రం వరండాలో కూర్చుని ఆయనకి ఈ లెక్క చెప్పాను. బళ్లో పిల్లలకి చెప్పినట్టే చెప్పాను. ఇంకోలా చెప్పడం నాకు రాదు.

"అయితే నన్ను ఇంతవరకూ నిలబెట్టింది ఆ ఒక్క కార్డేనా?"

"ఆ ఒక్కటే బావా."

"రేపు ఆడితే అది పోతాది."

"పోతుంది."

"ఆడకపోతే?"

ఆ ప్రశ్న నాకు తట్టలేదు. "కొత్తది రాకపోతే పాతది పోదు" అన్నాను.

"ఎన్నాళ్లైనా?"

"ఎన్నాళ్లైనా."

ఆయన నవ్వారు. పైకి వినబడే నవ్వే. "అయితే ఆడకపోతేనే ఆడడానికి అర్హుణ్ని" అన్నారు.

మర్నాడు ఉదయం ఆరింటికి ముగ్గురూ షెడ్డు దగ్గర ఉన్నారు. మేమిద్దరం వెళ్లాం. ఆయన కర్రల సంచి తేలేదు. మిల్లాయనకి అర్థమైపోయింది. నన్ను పక్కకి పిలిచారు.

"టీచరమ్మా, ఆదివారం కార్డులు మీరే కదా దాస్తారు? ఈవేళ ఈయన కార్డు మేక తినేసినాదనుకోండి. మేకలు లేవేటి ఇక్కడ? ఎన్ని కావాలి మేకలు?"

నేను ఏమనేదాన్నో నాకు తెలీదు. మా ఆయన విన్నారు.

"ఆ రూలు నాను పెట్టించినాను గురూ" అన్నారు. "ఇదే షెడ్డులో. ఎంతమందిని మధ్యానం ఎండకి తోలినానో నీకు తెలుసు."

"ఆల్లు కుర్రోల్లు."

"ఆల్లకీ ఉదయమే కావాలి."

"పోనీ, మాతో ఊరికే ఆడు. కార్డు రాయకు."

"రాయకపోతే ఏటి ఆట? కర్ర పట్టుకుని తిరగడమే కదా."

స్టేషన్ మాస్టరు గారు, "మధ్యాహ్నం మేం కూడా వస్తాం. మీతో ఆడతాం" అన్నారు. అది మంచి మాట. ఆయన మనసులోంచే అన్నారు. మూడు తరవాత ఏప్రిల్ ఎండలో ఆ నేల ఎలా ఉంటుందో నలుగురికీ తెలుసు. స్టేషన్ మాస్టరు గారి గుండెకి స్టెంటు ఉంది. మా ఆయన తల అడ్డంగా ఊపారు. కరెంటాఫీసాయన మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, తీసి, మొదటి హోల్ ఆట మొదలెట్టే చోటు వైపు నడిచారు.

ఆ రోజు ముగ్గురూ ఆడారు. మా ఆయన వెనక నడిచి, ప్రతి బ్రౌన్ దగ్గరా గోనెపట్టా లాగారు. పట్టా లాగడానికి చెయ్యి వణికినా ఫరవాలేదు. మేలో నాలుగు ఆదివారాలు అలాగే వెళ్లారు. ఐదో ఆదివారం లేచి, చొక్కా తొడుక్కుని, గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టి, "ఆల్లు నా కోసం ఆగుతన్నారు. పట్టా లాగడానికి నాను లేటు చేస్తన్నాను" అన్నారు. చొక్కా విప్పడం మొదలెట్టారు. మిగతా గుండీలు నేను విప్పాను.

జూన్‌లో నాలుగోవాడు దొరికాడు. ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన, నంబరు పదిహేడు. అతని మొదటి కార్డు కూడిందీ నేనే. నేనిప్పుడు ఆదివారం వెళ్లను. కార్డులు మిల్లాయన సాయంత్రం మా ఇంటికి తెచ్చి ఇస్తారు. వీధిలోంచే, "గురూ, ఈవేళ ఎవుల్నీ తిట్టడానికి లేకపోయింది" అని అరుస్తారు. మా ఆయన లోపల్నించి, "నీ కార్డు సూస్తే నాకే తిట్టాలనున్నాది" అంటారు. మొదట్లో అది గట్టిగా వినబడేది. ఇప్పుడు ఆయన గొంతు కూడా చిన్నదైంది. డాక్టరు గారు అదీ జబ్బులో భాగమే అన్నారు, అనుకున్నదానికన్నా వేగంగా పెరుగుతోందనీ అన్నారు. మిల్లాయనకి వినబడక, "ఏటి?" అని అడుగుతారు. నేను అందిస్తాను. అందిస్తే అది తిట్టులా ఉండదు.

కొత్త వెడ్జ్ భావనపాడు ఇసక ఇంకా ముఖం మీది గాడుల్లో ఉండగానే మూలన ఉంది. పాతది స్టేషన్ మాస్టరు గారు అడిగితే ఇచ్చేశాం. కరెంటాఫీసాయనది ఆయనకి తిరిగిచ్చాం.

మొన్న నవంబరు రెండో ఆదివారం పొద్దున్న ఆయనకి కాఫీ తాగిస్తున్నాను. గ్లాసుకి బదులు ఇప్పుడు మూతకి గొట్టం ఉన్న కప్పు. దూరంగా రైలు కూత వినబడింది. ఆయన గోడ గడియారం వైపు చూసి ఏదో అన్నారు. వంగి విన్నాను. "లేటే" అన్నారు.

లెక్క రాసి ముగిస్తాను. నలభై గజాల లోపలి ఆట పోయింది. తరవాత మిగతా ఆట. ఆదివారం ఉదయాలు, ఏప్రిల్ ఆఖరు నుంచి మొన్నటికి ఇరవై తొమ్మిది. నలుగురిలో నాలుగో చోటు. గోనెపట్టా తాడు. సొంతంగా గుండీ పెట్టుకోవడం, సొంతంగా గ్లాసు పట్టుకోవడం. వీధిలోకి వినబడే గొంతు. బోర్డు మీద ఆయన నంబరులో ఏమీ పోలేదు. ఇరవై నాలుగు.